కూలని మహలు

మ్యూజియం వాళ్లిచ్చే కళ్లద్దాలు పెట్టుకుంటే, ఎప్పుడో కూలిన రాజమహలు కూలనట్టే కనిపిస్తుంది. కాపలా కాసే యాదమ్మకు వాటిని చూస్తేనే ఒళ్లుమంట. అవి లేని కళ్లతో పైకి చూసిందేమో, ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. ముప్పై అడుగుల మొండిగోడ అంచున, కళ్లద్దాలతో ఏడేళ్ల లౌక్య నిలబడి ఉంది.

“అవి తీసెయ్యవే!” అని పక్కనే అరవబోయిన లౌక్య తల్లి నోరు యాదమ్మ చేత్తో మూసేసింది. తీస్తే పిల్లకు కింద లోతు కనబడుతుంది. కాళ్లు వణుకుతాయి.

“రాణిగారి గది మంచిగున్నదా బిడ్డా?” గొంతు తొణక్కుండా అడిగింది. “ఎట్ల ఎక్కినవో అట్లనే మెల్లగ దిగిరా.”

పిల్ల వెనక్కి తిరిగింది. అటువైపు ఉన్నవి జానెడు వెడల్పు ఇటుకలు.

“ఆంటీ, ఈ మెట్లు ఎంత పెద్దగున్నయో!” లౌక్య నవ్వింది. “ఉరికొస్తున్నా!”