పదమూడు నిండితేనే

"దీనికి పదమూడు నిండాయక్కా!" అంది పార్లరమ్మాయి, కూతుర్ని గుమ్మంలోకి తోస్తూ.

"నిండలేదు," అంది తాళంకప్ప.

తాళంకప్ప ఆమె అసలు పేరు కాదు. ఆ విహార ఓడలో టీనేజీ పిల్లల క్లబ్బుకి ఆమె ఇన్‌చార్జి. పదమూడు నుంచి పదిహేడేళ్ళ వాళ్ళకే ప్రవేశం. ఒక్క నెల తగ్గినా ఒప్పుకోదు, ఒక్క రోజు పెరిగినా ఊరుకోదు. లోపల ఏం జరుగుతోందోనని తొంగిచూసే తల్లిదండ్రుల్ని కూడా, "ఇక్కడ పెద్దవాళ్ళకేం పని? వెళ్ళి ఎండలో పడుకోండి" అని తరిమేస్తుంది. పిల్లలు ముచ్చటపడి ఆ పేరు పెట్టారు. ఆమెకీ నచ్చింది.

పిల్లల వయసు గురించి తల్లులు ఆడే అబద్ధాలు వినీ వినీ ఆమెకి విసుగెత్తిపోయింది. కానీ సాటి ఉద్యోగే వచ్చి ఇలా మొహం మీద అబద్ధం చెప్తుంటే ఒళ్ళు మండింది. పార్లరమ్మాయి ఆ ఓడలోనే ప్రయాణికులకి జుట్టు కత్తిరిస్తుంది. ఏడాదికోసారి సిబ్బంది తమ ఇంటివాళ్ళని వారం పాటు ఓడలో ఉంచుకోవచ్చు. మొగుడూ కూతురూ నిన్ననే ఎక్కారు. నిన్నంతా ఆనందంతో ఆమె కాలు నేల మీద నిలవలేదు. ఇవాళ చూస్తే ముఖం పీక్కుపోయింది, కళ్ళు ఉబ్బాయి. తల్లీకూతుళ్ళు తెల్లవార్లూ కబుర్లు చెప్పుకున్నారు కాబోలు అనుకుంది తాళంకప్ప.

పిల్ల పెదాలకి రంగు పూసి ఉంది. కాళ్ళకి తల్లి ఎత్తుచెప్పులు. ఎంత పూస్తే మాత్రం పాలబుగ్గలు దాగుతాయా? గుమ్మం దగ్గరి మిషనులో పిల్ల ఓడకార్డు గీకితే ఎర్రదీపం వెలిగింది.

"మిషను తప్పు చూపిస్తోందక్కా."

"మిషనుకి నీ మీద ఏం పగే? పక్కనే చిన్నపిల్లల క్లబ్బుంది. బొమ్మలు, రంగులు, ఐస్‌క్రీములు. అమ్మానాన్నలు ఎప్పుడైనా వెళ్ళి కూర్చోవచ్చు, కావాలంటే తీసుకుపోవచ్చు. హాయిగా అక్కడ వదులు."

"అక్కడొద్దక్కా."

"పోనీ సెలవు పెట్టి నువ్వే చూసుకో."

"అడిగాను. ఇవ్వనన్నారు. పార్లర్లో పక్కన కూర్చోబెట్టుకుంటానన్నా ఒప్పుకోలేదు."

"మరి అక్కడెందుకు వద్దు?"

పార్లరమ్మాయి ఏదో చెప్పబోయింది. అంతలో మొగుడొచ్చాడు. మాట మింగేసింది.

నవ్వుముఖం మనిషి. చేతిలో కూతురి కోసం తెచ్చిన పళ్ళరసం. "ఏమనుకోకండి మేడమ్, దీనికి పన్నెండే. మొన్ననే కేకు కోయించాం. నేనుండగా క్లబ్బులెందుకే, సాయంత్రం దాకా నా దగ్గరుంటుంది, నీ పని నువ్వు చూసుకో అంటే వినదండీ."

తాళంకప్ప మురిసిపోయింది. ఏడాదిలో ముప్పాతిక భాగం ఈ మహాతల్లి సముద్రం మీదే ఉంటుంది. ఇంటి దగ్గర పిల్ల చదువూ, జడలూ, జ్వరాలూ అన్నీ ఈయనేనట. పెట్టి పుట్టాలి! తన మొగుడూ ఉన్నాడు, ఎందుకూ? పిల్లల్ని ఒక్క పూట చూడవయ్యా అంటే పక్కింటావిడకి అప్పజెప్పి ఉడాయించేవాడు.

"నువ్వు చెప్పమ్మా, నీకెన్నేళ్ళు?" అని పిల్లనే అడిగింది.

పిల్ల తల్లి వేలు గట్టిగా పట్టుకుంది. "పదమూడు," అంది.

కన్నతల్లే కూర్చోబెట్టి అబద్ధాలు నేర్పితే ఇంక పిల్లనేం అంటాం? తాళంకప్ప ఆగలేకపోయింది. "చూడూ, నాకు ముందున్నావిడ ఇలాగే మొహమాటపడి వయసు చాలని ఒకమ్మాయిని రానిచ్చింది. ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేసి తర్వాతి రేవులో దింపేశారు. నీ కోసం నా పొట్ట నేనే కొట్టుకోనా?"

"ఈ ఒక్క వారమే అక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను." నిజంగానే వంగింది.

"ఛీ, లే! పిల్ల ముందు ఏమిటీ వేషాలు?"

ఇంతలో పార్లర్ నుంచి కబురొచ్చింది. ఎవరో జుట్టుకి రంగు పూయించుకుని కూర్చున్నారట. పార్లరమ్మాయి కూతురి వైపు చూసింది, మొగుడి వైపు చూసింది, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

పాపం పిల్లదేం తప్పని, తాళంకప్పే చెయ్యి పట్టుకుని చిన్నపిల్లల క్లబ్బుకి నడిపించింది. లోపల వదిలితే పిల్ల ఆ చెయ్యి విడవలేదు. ఒక్కొక్క వేలూ ఊడదీసుకోవలసి వచ్చింది.

"భయమెందుకే పిచ్చిపిల్లా? మీ నాన్న ఇక్కడే ఉన్నాడుగా!"

"చాలా థాంక్సండీ," అన్నాడు వెనకే వచ్చిన తండ్రి. "మీలాంటి వాళ్ళుండబట్టే పద్ధతులు నిలబడుతున్నాయి."

ఎవరూ మెచ్చుకోని ఉద్యోగం. ఆ మాటకి ఆమె కడుపు నిండిపోయింది.

మధ్యాహ్నం పార్లరమ్మాయి పరుగెత్తుకొచ్చింది. చేతులకి జుట్టురంగు అంటిన తొడుగులు అలాగే ఉన్నాయి.

"అక్కా, పిల్ల అక్కడ లేదు!"

"ఎందుకుంటుంది? నువ్వలా వెళ్ళావో లేదో మీ ఆయన తీసుకెళ్ళాడు. అలిసిపోయింది, గదిలో పడుకోబెడతానన్నాడు."

పార్లరమ్మాయి ఆమె వైపు వెర్రిగా చూసింది. మెట్ల వైపు తిరిగింది.

"ఏమిటే ఆ చూపు? బంగారంలాంటి మొగుణ్ణి పెట్టుకుని ఎందుకే నీకీ నాటకాలు? ఓడలో ఇన్ని ఆటలున్నాయి, ఇన్ని గదులున్నాయి. నా క్లబ్బులోనే దూర్చాలని అంత పట్టు దేనికి?"

అప్పటికే మెట్ల వైపు పరిగెడుతున్న పార్లరమ్మాయి వెనక్కి తిరగకుండానే అరిచింది: "ఈ ఓడ మొత్తం మీద ఆయన అడుగు పెట్టలేని గది అదొక్కటేనక్కా!"