బుడ్డిలో పెద్దది, తొట్టిలో చిన్నది

పెరటి గట్టు మీద గుండ్రటి గాజుబుడ్డిలో బంగారి అనే చేప ఉండేది. ఆ గాజు దేన్నయినా పెద్దగా చూపిస్తుంది. “ఎంత పెద్దదానివే బంగారీ, బుడ్డంతా నువ్వే” అని పిచ్చుక రోజూ మెచ్చుకునేది. తిరిగినప్పుడల్లా తోక గాజుకు కొట్టుకుని నొప్పి పుట్టినా, ఆ మాటకే బంగారి మురిసిపోయేది.

ఒకరోజు ఇంటావిడ బుడ్డి కడగబోతూ బంగారిని నీళ్లతొట్టిలో వదిలింది.

“ఇంతేనా నువ్వు? వేలెడంత లేవే” అంది పిచ్చుక.

బంగారికి తల కొట్టేసినట్టయింది. పారిపోదామని తోక ఆడించింది. ఏదీ తగల్లేదు. మళ్లీ ఆడించింది. ఎంత పోయినా నీళ్లే. ఇక సిగ్గు సంగతే మర్చిపోయి ఆ చివరికీ ఈ చివరికీ ఒకటే పరుగు.

దాన్ని పట్టలేక ఇంటావిడ నవ్వేసి, బుడ్డిలో నీళ్లుపోసి మల్లెలు వేసుకుంది.

“అబ్బ, ఎంతెంత పూలో” అంది పిచ్చుక.

దాని ముక్కు మీద నీళ్లు చిమ్మి, బంగారి తొట్టి అవతలి చివరికి దూసుకుపోయింది.