ఎవడు వేశాడీ చైను?

“ఇదొక సైకిలా అమ్మా? పాత సామాన్లవాడు కూడా ముట్టుకోడు,” అన్నాడు సైకిలు షాపతను, టైరును కాలితో తన్ని. “ఏడొందలిస్తా. అదీ పోనీలే పాపమని.”

“రెండు వేలకి ఒక్క రూపాయి తగ్గినా ఇవ్వనన్నా,” అంది సైకిలు అమ్మడానికి తెచ్చిన కుట్టుపనామె.

అతను పగలబడి నవ్వాడు. రిపేరుకిచ్చిన తన సైకిలు కోసం బెంచీ మీద కూర్చున్న మాస్టారి వైపు తిరిగి, “విన్నారా మాస్టారూ, రెండు వేలట!” అన్నాడు. ఆమె సైకిలు చైనుని చిటికెనవేలితో పైకెత్తాడు. “ఇది చూడు, పచ్చి నకిలీ. ఏ దరిద్రుడు వేశాడోగానీ నీకు కుచ్చుటోపీ పెట్టాడు.”

ఆమె సంచీలోంచి మడతపెట్టిన రసీదు తీసింది.

“మూడు నెలల కిందట నువ్వే వేశావన్నా. ఒరిజినల్ అని నీ చేత్తోనే రాసిచ్చావు.”

మాస్టారు లేచాడు. తలకిందులుగా పెట్టిన తన సైకిలు దగ్గరికి వెళ్లి, ఇందాకే బిగించిన కొత్త చైనుని వంగి చూడసాగాడు.

అంతవరకూ వీధి చివరిదాకా వినపడిన షాపతని గొంతు చెవిలో చెప్పినంత అయింది. “లోపలికి రామ్మా, కూర్చుని మాట్లాడుకుందాం.”

“లోపలికెందుకన్నా?” అంది ఆమె. “ధర ఇక్కడే చెప్పు. కాస్త గట్టిగా చెప్పు, మాస్టారికీ వినపడాలి.”