బానలో పాట

“పాడుతున్నాడా?” అడిగింది ఎలిసో.

“పాడుతున్నాడమ్మా. ఎప్పటిలాగే శ్రుతి లేదు,” అన్నాడు పెద్దకొడుకు రేవాజ్.

ఆమె నవ్వింది. చెవులు పోయి ఏళ్ళయింది. వాకిలి వెలుగులో ఎదుటివాడి పెదవులు చూసి మాట అందుకుంటుంది. ఒళ్ళో మిఠాయి దండకి గుచ్చే అక్రోటు గింజలు, చేతిలో సూదీ దారం. కాళ్ళ ముందే, నేలలో పాతిన పెద్ద వైను బాన మూతి. లోపలికి దిగినవాడు చిన్నకొడుకు మల్ఖాజ్. వాడి నడుముకు కట్టిన తాడు రెండో కొస రేవాజ్ చేతిలో ఉంది.

ద్రాక్షతోటల కఖేతి సీమలో బాన కడగడానికి దిగినవాడు పాడాల్సిందే. పక్క బానల్లో కొత్త వైను పులిసేటప్పుడు కంటికి కనపడని ఆవిరి లేచి పల్లానికి చేరుతుంది. అది మనిషిని చప్పున పడగొడుతుంది. పాట తడబడితే చాలు, పైనున్నవాడు తాడు లాగెయ్యాలి.

“కొవ్వొత్తి దింపి చూశావా?”

“చూశాను. నిలకడగా వెలిగింది.”

“మీ నాన్న దిగినప్పుడల్లా ఇక్కడ నేనే కూచునేదాన్ని. ఈ చెవులే ఆయన్ని కాపాడాయి.”

“ఇప్పుడు నేనున్నాగా.”

“నువ్వున్నావులే! మన ద్రాక్షతోట పీకేసి హోటలు కడతామన్నవాళ్ళతో తిరుగుతున్నావట. మీ తాత ఉంటే కర్ర తీసుకునేవాడు.”

“తాతకి తిబిలిసి పట్నంలో కాపురం లేదమ్మా. నాకుంది.”

“నీ తమ్ముడికి తీగ తప్ప లోకం తెలీదు. నీకు లోకమంతా తెలుసు, తీగొక్కటే తెలీదు.”

“అందుకేగా ఇవాళ బాన కడిగి పైకి రాగానే వైనుకొట్టు తాళంచెవి వాడికే ఇస్తానన్నావు. ఆ తర్వాత తోట వాడిదే, మాటా వాడిదే.”

“అన్నాను.”

ఆమె ఇంకో గింజ గుచ్చింది.

“ఇంకా కాలేదా?”

“అడుగు గీకాలి కదా. ఇదుగో చూడు.”

రేవాజ్ చేతిలో తాడు కదిలింది. ఎలిసో మోకాలి మీద వేలితో తాళం వేసింది.

“ఇప్పుడు ఏ చరణం?”

“పెళ్ళికూతురు గుర్రం ఎక్కేది.”

“అది వాడికి చచ్చినా రాదు!”

“ఇప్పుడూ రాలేదు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే ఆమె నడుం గుడ్డలోంచి ఇనప తాళంచెవి తీసి రేవాజ్ అరచేతిలో పెట్టింది.

“ఇదేంటమ్మా?”

“నీదే. వాడే ఇవ్వమన్నాడు. నిన్నంతా ఒకటే పోరు. ‘అన్నయ్య ఇంటికి పెద్ద. తాళంచెవి అన్నయ్యకే ఇవ్వు. అమ్ముకుంటే అమ్ముకోనీ, మనింటికి వస్తూపోతూ ఉంటే నాకదే చాలు’ అని. దిగేముందు నీకు చెబుతానన్నాడే. చెప్పలేదూ?”

“లేదు.”

“సిగ్గు వెధవకి. పైకొచ్చాక చెబుతాడులే.”

రేవాజ్ తాళంచెవి వంక చూశాడు. తర్వాత బాన మూతి వంక చూశాడు.

“ఏరా, మొహం అలా అయిపోయిందేం? తమ్ముడి దగ్గర తీసుకోడానికి నామోషీనా? ఇంకా పాడుతున్నాడా?”

రేవాజ్ నోట్లోంచి గొంతు రాలేదు. ఆమెకు గొంతుతో పని లేదు. పెదవులు మాత్రం కదిపాడు.

“పాడుతున్నాడు.”

ఆమె మొదటిసారి అడిగేసరికే పాట ఆగిపోయింది.