గూ చిల్‌బొక్ మాస్టారు

“మీ తమ్ముడు పాఠాలకెళ్ళాడు బావగారూ!”

“పీతలకెళ్ళాడా? అలలు ఇంతెత్తు లేస్తుంటే పీతలేమిటమ్మాయ్!”

కొండ మీద గడ్డి కోస్తున్నవాళ్ళంతా చేతులు ఆపారు. పంటల పండగ చుసొక్ ముందు పెద్దల సమాధుల మీద గడ్డి కోసే రోజది. గూ వంశం మగాళ్ళంతా కొడవళ్ళతో దిగారు. మల్‌సూన్ గొంతు పెంచింది.

“పీతలు కాదు బావగారూ. పాఠాలు! యూనివర్సిటీలో!”

ఆమె బావగారి పేరు మన్‌బొక్. అంటే పదివేల భాగ్యాలు. తొలిచూలు కొడుక్కి అన్నీ ధారపోసిన తండ్రి, రెండోవాడు పుట్టేసరికి చిల్‌బొక్ అని ఏడు భాగ్యాలే ఇచ్చి ఊరుకున్నాడు. ఆ ఏడు భాగ్యాలతోనే చిల్‌బొక్ నలభై ఏళ్ళు రేవులో పీతలమ్మాడు. భార్య మల్‌సూన్ పక్కన కూర్చుని తూకం వేసింది.

“వాడు పాఠాలు చెప్పడమేంటి? మూడో తరగతి మూడుసార్లు చదివాడు. వాడికి వచ్చిన పాఠం గుణపాఠం ఒక్కటే!” పెద్దాయన తన మాటకు తానే నవ్వుకున్నాడు. ఇంకెవరూ నవ్వలేదు. ఆయన కొడుకు తెసిక్ కొడవలికి లేని పదును వెతుక్కున్నాడు.

వసంతంలో పెద్దాయన గుండెకు ఆపరేషన్ అయింది. ఏ సంగతైనా మెల్లగా చెప్పండన్నారు డాక్టర్లు. మెల్లగా చెబితే ఆయనకు వినపడదు. అదీ ఇంట్లోవాళ్ళ ఇబ్బంది.

“నమ్మకపోతే ఈ అమ్మాయిని అడగండి” అంది మల్‌సూన్, వెనకనున్న పిల్లను ముందుకు తోసి. పేరు నొమిన్. మంగోలియా నుంచి చదువుకోడానికి వచ్చింది. కాలేజీలో జరిగిన సభలో మల్‌సూన్‌ను వెతుక్కుంటూ వచ్చి, రెండు చేతులా పళ్ళబుట్ట అందించి, నేలకు తల ఆనించింది. అప్పటినుంచీ వదల్లేదు.

“మావాడు నీకు మాస్టారా పిల్లా?”

“అవును తాతగారూ. మా మొదటి గురువు.”

“విదేశీ పిల్లలకి ఎన్ని కోర్సులు పెట్టారు! వంట ఉంది, తైక్వాండో ఉంది. అవన్నీ వదిలి మావాడి క్లాసుకెళ్ళావా?”

“దీనికే పోటీ తాతగారూ. ఇంటర్నెట్ జోరుగా ఉంటుందని గేముల సెంటర్లో కూర్చుని సీటు కోసం నొక్కాను. నాకొకటి దక్కింది, రెప్ప వేసేలోగా సీట్లన్నీ నిండిపోయాయి. మాలాంటి విదేశీయులను రానివ్వడం ఈ ఏడాదే మొదలు.”

అవును. దానికీ ముందే ఒప్పుకున్నాడు చిల్‌బొక్. “ఏ దేశం ఓడ వచ్చినా పీతలమ్మాను. పాఠానికి మాత్రం పాస్‌పోర్టు అడుగుతానా?” అన్నాడు. ఆ రోజు మల్‌సూన్ నవ్వింది. ఇప్పుడు తల తిప్పుకుంది.

“కొడతాడా?”

“లేదు తాతగారూ. మేమే ఆయన్ని...” నొమిన్ ఆగిపోయింది.

“తిడతాడా?”

“ఒక్క మాట కూడా అనరు.”

“అయితే వాడు మావాడు కాదు! వాడు పీత ధర అరిస్తే రేవులో ఓడలు బదులు కూసేవి. ఇంతకీ ఏం నేర్పాడు?”

నొమిన్ తన ఎడమ అరచేతిని చూసుకుంది. “ఇప్పటిదాకా చేతులే నేర్చుకున్నాం. ఆయన ఎడమ బొటనవేలి మొదట్లో పాత మచ్చ ఉంది. పీత పట్టిన మచ్చట. దాని కింద నరం వంకరగా అతుక్కుంది.”

పెద్దాయన నవ్వు ఆరిపోయింది. “నాతో వచ్చినప్పుడే పట్టింది. ఏడేళ్ళవాడు. ఏడవలేదు.”

ఆయన మల్‌సూన్ వైపు తిరిగాడు.

“అంటే నిజంగానే అక్కడున్నాడన్నమాట. ఊరికి గంట దూరంలో ఉండి, అన్న ఆస్పత్రిలో ఉంటే రాలేదు. నాన్న సమాధికి మొక్కడానికి రాలేదు. పరాయిదేశం పిల్లలకు చేతులు చూపిస్తాడు, నాకు మొహం చూపించడు!” “ఫోన్ చెయ్యమ్మాయ్. ఇప్పుడే. నేను మాట్లాడతా.”

“ఇప్పుడు కుదరదు బావగారూ.”

“కుదరదా? నాన్న పక్కన వాడికి చోటు ఉంచాను. ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. ఇవాళ సాయంత్రంలోగా రాకపోతే ఆ చోటు తెసిక్‌ది!”

“నాకా!” అన్నాడు తెసిక్. “నాకిప్పుడేం తొందర నాన్నా?”

“నోర్ముయ్. పార తీసుకో. ఆ గుర్తురాయి పీకెయ్.”

తెసిక్ పార తీసుకున్నాడు. ఈ వంశంలో పెద్దకొడుకు మాటకు ఇంతవరకూ ఎవరూ ఎదురు చెప్పలేదు. పార రాయికి తగిలి ఖంగుమంది.

మల్‌సూన్ వెళ్ళి ఆ రాయి మీదే కూర్చుంది. “ఇది నా మొగుడి చోటు” అంది.

“ఏమంటోంది?” చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు పెద్దాయన.

“పిన్నీ, వద్దు” అన్నాడు తెసిక్ రహస్యంగా. “ఆయన గుండె...”

మల్‌సూన్ లేచి పెద్దాయన దగ్గరకు వెళ్ళింది. ఆయన రెండు చేతులూ పట్టుకుంది. మెల్లగా చెప్పాలని చూసింది. పెదవులు కదిలాయి.

“గట్టిగా చెప్పమ్మాయ్! గొణిగితే ఎలా!”

ఆమె కళ్ళు మూసుకుని, కొండ మీదున్న ప్రతివాడికీ వినపడేలా అరిచింది.

“ఆ చోటు ఆయనకే ఉంచండి బావగారూ, ఆ పిల్లలు ఆయన ఒళ్ళు కోసి చదువుకోవడం అయిపోగానే దహనం చేసి అస్థికలు ఇస్తామన్నారు!”