కిటికీ కింది నేల

ఆవిడ ఎవరూ పిలవకుండానే లోపలికొచ్చింది.

ఇంట్లో అప్పటికి నేల లేదు. గదంతా తవ్వి కంకర పరిచి ఉంది. ఒక మూల చెక్కపెట్టె మీద గొర్రెతోలు వేసి, ఎనిమిదేళ్ల రాయెన్‌ని కూచోబెట్టారు.

రాయెన్‌కి పుట్టుకతోనే కాళ్లు పనిచేయవు. బడికి చక్రాల కుర్చీలో వెళ్తుంది. ఇంటికొస్తే మాత్రం కుర్చీ దిగిపోతుంది. పాకడం, ఆడుకోవడం, కునుకు తీయడం అన్నీ నేలమీదే.

కట్టెల పొయ్యి పొగ పిల్ల ఊపిరికి పడటం లేదని డాక్టరు చెప్పాక, తండ్రి ఎలీసెయో పొయ్యి పీకించేశాడు. నేల కింద వేడినీటి గొట్టాలు వేయిస్తున్నాడు. కొయ్‌హైకే ఊరి చలికి ఇంకో దారి లేదు.

గొట్టాల అడుగున ఏం పరచాలన్న దగ్గర పని ఆగింది.

పనికి ఒప్పుకున్న కార్కమో రెండు రకాలు తెచ్చి చూపించాడు. ఒకటి వెండిరేకు అంటించిన పల్చటి స్పాంజి చుట్ట. రెండోది నాలుగు వేళ్ల మందం ఉన్న గట్టి థర్మాకోల్ పలక.

పలక వేస్తే నేల ఎత్తు పెరుగుతుంది, తలుపులన్నీ కింద కొయ్యాలి అన్నాడు. చుట్టకైతే ఆ బాధ లేదు, రేకు ఎలాగూ వేడిని పైకే తిప్పికొడుతుంది అన్నాడు. ఎలీసెయోకి చుట్టే నచ్చింది.

సరిగ్గా అప్పుడొచ్చింది ఆవిడ. అరవై దాటి ఉంటాయి. పేరు సులేమా అని, రెండు వీధుల అవతల గది అద్దెకు తీసుకుందని ఎలీసెయో భార్య ఓర్తెన్సియా రొట్టెల కొట్టులో విని ఉంది.

సులేమా పెద్దవాళ్లెవరినీ పలకరించలేదు. నేరుగా పిల్ల దగ్గరికెళ్లింది.

"నువ్వెక్కడ కూచుంటావమ్మా?"

రాయెన్ కిటికీ వైపు చూపించింది.

"అక్కడేముంది?"

"కుక్కలు కనిపిస్తాయి. ఈ వీధి కుక్కలన్నిటికీ నేనే పేర్లు పెట్టా."

సులేమా ఆ పేర్లన్నీ చెప్పించుకుంది. ఆ తర్వాతే ఎలీసెయో వైపు తిరిగి మందం పలకే వెయ్యమంది. బయటి గోడ వెంబడి కూడా నిలువుగా ఒక వరస పెట్టమంది. గది నడుమ ఎట్లా ఉన్నా పరవాలేదు గాని, ఆ కిటికీ కింద మాత్రం చలి తగలకూడదంది.

కార్కమో నవ్వాడు. "పలకలమ్మే కొట్టువాడు మీకేమవుతాడు పెద్దమ్మా? అల్లుడా?"

ఎలీసెయో కూడా నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. "మీరు నిలబడి చూస్తున్నారు బాబూ. ఆ పిల్లకి ఒళ్లంతా నేలకే ఆనుతుంది."

మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. అదే మాట. పని సాగడం లేదని కార్కమో సణగడం మొదలుపెట్టాడు. ఎలీసెయోకి ఓపిక పోయింది.

"మా పిల్ల సంగతి మాకు తెలీదా? కన్నది మేమా, మీరా? ఇంకోసారి ఈ గుమ్మం తొక్కకండి."

సులేమా పిల్ల తల నిమిరి, మెల్లగా వీధి దాటి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

చుట్టే పరిచారు. దాని మీద గొట్టాలు, ఆ పైన కాంక్రీటు. తలుపులు కొయ్యలేదు.

జూన్‌లో, అక్కడి చలికాలంలో, మంచు పడింది. నీళ్లు కాచే బాయిలరు ఆగకుండా ఆడింది. గది నడుమ గోరువెచ్చగా ఉండేది. గోడ దగ్గరికి వెళ్లేకొద్దీ నేల జిల్లుమనేది.

రాయెన్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. గొర్రెతోలు ఈడ్చుకుంటూ రోజుకి కొంచెం కొంచెం గది నడిమికి జరిగింది. పిల్ల కుక్కల కబుర్లు చెప్పడం మానేసిందని ఓర్తెన్సియాకి ఆలస్యంగా తట్టింది. మొగుడితో చెప్పింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఎలీసెయో ఒట్టి చొక్కాతో కిటికీ కింద పడుకున్నాడు. చేతిలోకి తీసుకున్న వేడి మాతే కషాయం చల్లారేంతసేపు కూడా ఉండలేకపోయాడు. లేచి, వీపు రుద్దుకుంటూ కార్కమోకి ఫోన్ చేశాడు. ఈ చలిలో నేల పగలగొడితే పిల్లని ఎక్కడ ఉంచుతావు, కాలం మారనీ అన్నాడు కార్కమో.

చలి తగ్గాక అక్టోబరులో పగలగొట్టారు. కాంక్రీటు బరువుకి చుట్ట అప్పడంలా అణిగిపోయి ఉంది. ఈసారి మందం పలకలు వేశారు, గోడ వెంబడి నిలువు వరసతో సహా. మళ్లీ కొత్త గొట్టాలు, కొత్త కాంక్రీటు. తలుపులన్నీ కోశారు.

నేల ఆరి వేడినీళ్లు వదిలిన రోజున, రాయెన్ గొర్రెతోలు వదిలేసి ఒట్టి నేలమీద పాకుతూ కిటికీ కిందికి వెళ్లింది. బోర్లా పడుకుని చెంప ఆనించింది. కాసేపటికి, వీధిలోకి కొత్త కుక్క వచ్చిందని, దానికి సులేమా అని పేరు పెడతానని అంది.

పెద్దవాళ్ల పేరు కుక్కకి పెట్టకూడదంది ఓర్తెన్సియా.

"అయితే ఆవిణ్ణి అడిగి రా నాన్నా."

ఎలీసెయో గొర్రె తొడ ఒకటి కాగితంలో చుట్టుకుని భార్యతో బయల్దేరాడు. మాట ఎట్లా మొదలుపెట్టాలో దారంతా ఆమెనే అడిగాడు.

తలుపు తీసిన ఇంటావిడ, సులేమా ఆగస్టులోనే పోయిందని చెప్పింది. జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగిందట. నా అన్నవాళ్లెవరూ రాలేదట.

గుమ్మంలో నిలబెట్టడం బాగోదని ఇద్దర్నీ లోపల కూచోబెట్టింది. పిల్ల నేల సంగతి చెబితే విని, లేచెళ్లి, దుప్పట్లో చుట్టిన మూట ఒకటి తెచ్చి బల్లమీద విప్పింది.

తోలు పట్టీలున్న రెండు కొయ్యకాళ్లు.

"పారెయ్యడానికి మనసు రావట్లేదు" అంది.

ముప్పయ్యో ఏట ఇవి పెట్టించుకునేదాకా, చిలోయె దీవిలో తండ్రి ఇంట్లో, మట్టినేల మీద పాకుతూనే బతికిందట సులేమా.