మోటారు ర్యాక్

“దీనికి మోటారుంది. మనం వేలు కదపక్కర్లేదు, సైకిళ్లని దానంతటదే కారు వెనక్కి ఎత్తేసుకుంటుంది!” సైకిళ్ల కొట్టు గుమ్మంలో ఆర్విల్, కారు వెనక బిగించే ఆ ర్యాక్ ముందు పెళ్లిచూపుల్లో కూర్చున్నవాడిలా మురిసిపోతున్నాడు.

“డాక్టరు ఒళ్లు వంచమన్నాడనే కదా సైకిళ్లు కొన్నాం?” అంది అతని భార్య మార్లిస్.

“తొక్కేటప్పుడు వంచుదాం. ఎక్కించేటప్పుడెందుకు?”

వెనక్కి వాలి తొక్కే ఆ మూడు చక్రాల సైకిళ్లు రెండూ కొట్టు ముందు, ఆరిజోనా ఎండలో మెరుస్తున్నాయి. ర్యాక్ కొలతల కోసమని పక్కింటాయన ట్రక్కులో వేయించి తెచ్చారు.

కొట్లో పనిచేసే డార్లా వంగి టైరు తడిమింది. “కొని ఏడాదైందన్నారు? టైరు మీద కొత్త రబ్బరు నూగు ఇంకా అలాగే ఉందే!”

“ర్యాక్ లేందే ఎలా తొక్కుతామమ్మా?” ఆర్విల్ కసిరాడు. “సైకిళ్ల బాట దాకా కార్లో తీసుకెళ్లాలా వద్దా?”

“బాట మీకెంత దూరమండీ?”

మార్లిస్ గొంతు తగ్గింది. “మా పెరటి గేటు తీస్తే బాటే.”

“అక్కడ కారు పెట్టుకోడానికి చోటేదీ?” అన్నాడు ఆర్విల్.

ఏడాదిగా ఈ మాటకి తలూపుతూ వచ్చింది మార్లిస్. ఇవాళ పరాయి మనిషి ముందు వింటుంటే, తన తల మీద తనకే కోపం వచ్చింది. వెళ్లి తన సైకిల్ సీట్లో వెనక్కి వాలి, పెడల్ మీద కాలు వేసింది.

“ఎక్కడికి?”

“ఇంటికి. ఆ బాట ఈ కొట్టు వెనక నుంచే పోతోంది.”

“మరి ర్యాక్?”

“ఒక్కదానికి సరిపడేది తీసుకో,” అంది మార్లిస్ కదిలిపోతూ. “నీ సైకిల్‌ని షికారు తిప్పుదువుగాని.”